ముద్రణ రంగం తరఫున ప్రభుత్వంతో మాట్లాడే ఉద్యోగం: సంఘంలో చేరడం మేలా, సలహా సంస్థలోనా?

ముద్రణ రంగం ఇబ్బందులను ప్రభుత్వం ముందుంచడాన్నే వృత్తిగా చేసుకోదలచినవారికి మన దేశంలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి ముద్రాపకుల సంఘం కార్యాలయంలో చేరడం. రెండవది అనేక పరిశ్రమల తరఫున పనిచేసే పన్నుల సలహా సంస్థలోనో, విధాన సలహా సంస్థలోనో చేరడం. అమెరికాలో ఈ వృత్తిలో ఉన్నవారు 1995 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకుని, ఎవరి కోసం ఏ విషయంపై పనిచేస్తున్నారో వెల్లడించాలి. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు కనుక ఈ పనికి స్థిరమైన హోదా గానీ, నిర్దిష్టమైన అర్హత గానీ ఏర్పడలేదు. అందుకే మొదట ఎక్కడ చేరి ఏమి నేర్చుకున్నామన్నది ఇక్కడ చాలా ముఖ్యం.

పని ఎలా ఉంటుందో తెలియాలంటే నోటు పుస్తకాల సంగతి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలపై జీఎస్టీ లేదు. వాటి తయారీకి వాడే కోటింగ్ లేని కాగితంపైనా లేదు. అదే కాగితం మరో పనికి వెళితే 18 శాతం పడుతుంది. మిల్లు గేటు దాటుతున్న మాప్లిథో (రాతకు, అచ్చుకు వాడే కోటింగ్ లేని కాగితం) రీలు నోటు పుస్తకమవుతుందో, బిల్లు పుస్తకమవుతుందో దానిని చూసి ఎవరూ చెప్పలేరు. పైగా అమ్మే సరుకుపై పన్ను లేనప్పుడు అట్టకు, సిరాకు, యంత్రానికి కట్టిన పన్ను తిరిగి రాక తయారీ ఖర్చులోనే కలిసిపోతుంది. ‘పన్ను తీసేశాం కదా, ఇంకేమిటి కష్టం?’ అని అడిగే అధికారికి ఒక్క పుస్తకం ధరను విడగొట్టి, ఒకే పేజీలో ఈ లెక్క చూపగలగడమే ఈ వృత్తిలో అసలు నేర్పు.

సలహా సంస్థలో జీతం సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. నోటిఫికేషన్లను చదవడం, వినతిపత్రాన్ని చట్టం భాషలో రాయడం అక్కడ త్వరగా పట్టుబడతాయి. అయితే నేడు కాగితం, రేపు సిమెంటు, ఎల్లుండి మందులు అన్నట్టుగా పని మారుతూ ఉంటుంది. కాగితం మిల్లులు దిగుమతులపై సుంకం పెంచాలంటాయి, ముద్రాపకులు తగ్గించాలంటారు. సంస్థకు మిల్లే పెద్ద ఖాతాదారు అయితే ముద్రాపకుల పక్షాన గట్టిగా నిలబడే అవకాశం మీకు దక్కకపోవచ్చు.

సంఘంలో ఆ చిక్కు లేదు, వేరే చిక్కు ఉంది. సభ్యులందరి ప్రయోజనం ఒకటి కాదు. పుస్తకాలపై జీఎస్టీ లేనందున ముద్రణ ఖర్చుపై కట్టిన పన్ను ప్రచురణకర్తకు తిరిగి రాదు. అందువల్ల పుస్తకాలు అచ్చువేసేవారు రేటు తగ్గాలని పట్టుబడతారు. కంపెనీలకు అట్టపెట్టెలు అచ్చువేసేవారి కొనుగోలుదారులు ఆ పన్నును జమ చేసుకోగలరు కనుక వారికి రేటు కన్నా తమ పని ఏ పన్ను వర్గంలోకి వస్తుందన్న స్పష్టతే ముఖ్యం. ఈ ఇద్దరినీ ఒకే వినతిపత్రం మీద సంతకానికి ఒప్పించడం సచివాలయంలో మాట్లాడటం కన్నా కష్టమని నా అభిప్రాయం. సంఘంలో అబ్బే పని పరిజ్ఞానం మాత్రం విలువైనది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ముద్రణ సరుకా, సేవా అన్న అయోమయం నెలకొంటే, అక్టోబరు 20న కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది. అచ్చువేయవలసిన విషయం ప్రచురణకర్తదై, కాగితం ముద్రాపకుడిదైతే పుస్తకాలు, కరపత్రాల ముద్రణ సేవ అవుతుందనీ, అచ్చువేసిన కవర్లు, పెట్టెలు సరుకు అవుతాయనీ అందులో తేల్చింది. ఆ విభజనలోని మర్మం ప్రెస్సులో ఒక్కో పని వివరాలు రాసే జాబ్ కార్డు చూసినవారికి తెలిసినంత బాగా ఇతరులకు తెలియదు.

సంఘం అనగానే అందరి దృష్టి ఢిల్లీలో 1953 నుంచి ఉన్న అఖిల భారత మాస్టర్ ప్రింటర్ల సమాఖ్య వైపు వెళుతుంది. రాష్ట్ర సంఘాలను చిన్నచూపు చూడనవసరం లేదు. జీఎస్టీ రేట్లను సిఫారసు చేసే జీఎస్టీ మండలి ఓటింగులో మూడింట రెండు వంతుల బలం రాష్ట్రాలదే. హైదరాబాదులోనో, అమరావతిలోనో ఆర్థిక మంత్రికి, వాణిజ్య పన్నుల అధికారులకు విషయం సరిగ్గా అర్థమైతే అది మండలి దాకా వెళ్లగలదు. పైగా ఎన్నికల కరపత్రాలపై ముద్రాపకుడి పేరు, చిరునామా ఉండాలన్న ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను వంటివి జిల్లా స్థాయిలోనే అమలవుతాయి. పేరు లేకుండా అచ్చువేస్తే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు కనుక, చిన్న ప్రెస్సులవారికి దీనిపై అవగాహన కల్పించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

చార్టర్డ్ అకౌంటెన్సీ లేదా న్యాయశాస్త్రం చదివి, ప్రెస్సు లోపలికి ఎన్నడూ వెళ్లనివారు మొదట సలహా సంస్థలో కొన్నేళ్లు పనిచేయడమే మంచిది. ప్రెస్సులో ఎస్టిమేట్లు వేసిన అనుభవమున్నవారికి రాష్ట్ర సంఘమే మేలని గట్టిగా చెబుతాను. చట్టం భాష తరువాతైనా నేర్చుకోవచ్చు, కాగితం వృథా శాతం నుంచి బైండింగ్ కూలి దాకా తెలిసిన ఆ లెక్క ఆఫీసులో కూర్చుంటే రాదు. చేరే ముందు, సంఘం గత రెండేళ్లలో ఇచ్చిన వినతిపత్రాల ప్రతులను అడిగి చదవండి. వాటిలో అంకెలు లేకుండా అభ్యర్థనలే ఉంటే మీకు చేయవలసిన పని చాలా ఉన్నట్టు. ఆ పని చేయనిస్తారో లేదో కార్యవర్గాన్ని ముందే సూటిగా అడగండి.