పోఖరాలో పారాగ్లైడింగ్ బుక్ చేస్తున్నారా? రసీదు మీద ఏ దేశం రూపాయో రాయించుకోండి

దసరా, దీపావళి సెలవులకు నేపాల్ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు అడ్వాన్స్ కట్టే ముందు దయచేసి ఇది చదవండి.

పోఖరాలో ఫేవా సరస్సు పక్కన లేక్‌సైడ్ అనే ప్రాంతం ఉంది. ఆ వీధి పొడవునా పారాగ్లైడింగ్, జిప్‌లైన్, బంజీ, రాఫ్టింగ్ బోర్డులే. అక్కడ ఒక బుకింగ్ ఆఫీసులో మేం, మా అక్కావాళ్లు కలిసి టాండెం ఫ్లైట్ (పైలట్‌తో కలిసి ఎగరడం) మాట్లాడుకున్నాం. మనిషికి 7,000 అన్నాడు కౌంటర్లో కుర్రాడు. జీపులో కొండ మీదికి తీసుకెళ్లడం, ఎగరడం, వీడియో, అన్నీ అందులోనేనట. బావగారు అక్కడికక్కడే "నేపాలీ రూపాయలే కదా?" అని అడిగారు. "అవును సార్, ఎన్‌సీ" అన్నాడు. అంతా హిందీలోనే నడిచింది కాబట్టి మాట అర్థం కాలేదనే సాకుకు తావు లేదు. సగం డబ్బు కట్టించుకుని రసీదు చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మబ్బు కమ్మేసింది. 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం సంగతి వదిలేయండి, సరస్సు అవతలి కొండ మీద తెల్లగా మెరిసే శాంతి స్తూపం కూడా కనిపించలేదు. ఆ రోజు ఫ్లైట్లు ఆపేశారు. దీనికి మాత్రం వాళ్లను ఒక్క మాట కూడా అనను. మబ్బులో ఎగరకూడదు, ఎగరనివ్వకూడదు. మీకు ఎవరైనా "ఏం కాదు, వెళ్లిపోదాం" అంటే ఆ జీపు ఎక్కకండి.

గొడవ ఆ తర్వాతి రోజు మొదలైంది. కౌంటర్లో వేరే ఆయన కూర్చున్నాడు. మిగతా డబ్బు ఇవ్వబోతే "ఇది ఎన్‌సీ కాదు, ఐసీ" అన్నాడు. నేపాల్లో నేపాలీ రూపాయిని ఎన్‌సీ అని, మన రూపాయిని ఐసీ అని అంటారు. మన 1 రూపాయికి వాళ్లవి 1.60 వస్తాయి, ఈ రేటు ఎన్నో ఏళ్లుగా మారలేదు. అంటే 7,000 ఎన్‌సీ మన డబ్బుల్లో 4,375. అదే 7,000 ఐసీ అయితే నేపాలీ రూపాయల్లో 11,200. మనిషికి మన డబ్బుల్లో 2,625 తేడా! కుటుంబమంతా ఎగిరితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

రసీదు తీసి చూపించాం. దాని మీద బాల్ పెన్నుతో "రూ. 7,000" అని మాత్రమే ఉంది. ఎన్‌సీ లేదు, ఐసీ లేదు, వీడియో ఊసే లేదు. ఎగిరించే కంపెనీ పేరు ఉండాల్సిన గడి ఖాళీ. ఆ ఆఫీసుకు సొంత పైలట్లే లేరని, మనుషుల్ని పోగుచేసి వేరే కంపెనీకి అప్పగించే ఏజెంట్ అని అప్పుడు తెలిసింది. ఐసీ లెక్కన కట్టేది లేదని మేం చెప్పేశాం. అడ్వాన్స్ వెనక్కి రాదన్నాడు. టూరిస్ట్ పోలీసులకు చెప్తామన్నా చలించలేదు. వెళ్లి ఫిర్యాదు రాసి ఇచ్చాం.

తర్వాత నేరుగా ఎగిరించే కంపెనీ ఆఫీసుకే వెళ్లి బుక్ చేసుకున్నాం. అక్కడ ధర పక్కన ఎన్‌పీఆర్ (నేపాలీ రూపాయి) అని ప్రింటు అయి ఉంది, వీడియోకు ఎంతో విడిగా రాసి ఉంది. మా అక్క కాళ్లకు కట్టిన బెల్టులు, ఛాతీ బకిల్ పైలట్ లాగి చూసి, పరుగెత్తబోయే ముందు మళ్లీ ఒకసారి లాగి చూశాడు. అంత శ్రద్ధగా పనిచేసే పైలట్లున్న ఊరికి ఈ కౌంటర్ల వల్ల చెడ్డపేరు రావడం నాకు నిజంగా బాధగా ఉంది.

కాబట్టి డబ్బు తీసే ముందు ఎన్‌సీ అనో, ఎన్‌పీఆర్ అనో వాళ్ల చేతే రాయించండి. వీడియో కలిపా, విడిగానా? వాతావరణం బాగోక రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా? అదీ రాయించండి. పారాగ్లైడింగ్‌కు నేపాల్ పౌర విమానయాన ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి, కంపెనీ లైసెన్సు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యపడొద్దు, చాలా పాలసీలు సాహస క్రీడల్ని మినహాయిస్తాయి. వీలైతే నగదు ఇవ్వకండి. 2024 నుంచి నేపాల్లో చాలా దుకాణాల క్యూఆర్‌కు మన యూపీఐతో కట్టొచ్చు. ఎవరికి ఎంత కట్టారో ఫోన్లో ఉంటుంది, గొడవ వస్తే అదే సాక్ష్యం. టూరిస్ట్ పోలీసుల నంబరు 1144, బయల్దేరే ముందే ఫోన్లో వేసుకోండి.

మా అడ్వాన్స్ ఇంతవరకూ రాలేదు. ఫిర్యాదు మీద ఏమైనా కదలిక వస్తే రాస్తాను.