పన్నెండేళ్లుగా ఈ-బుక్కులు, మూడేళ్లుగా సొంత ప్రచురణ: వాడి చూశాక చెబుతున్నా

నా మొదటి తెలుగు ఈ-బుక్ 2013లో కినిగె అనే వెబ్‌సైట్లో కొన్నాను. అప్పుడు పుణెలో ఉద్యోగం, చుట్టుపక్కల ఎక్కడా తెలుగు పుస్తకం దొరికేది కాదు, తెనాలి వెళ్లి వచ్చిన ప్రతిసారీ బ్యాగులో సగం పుస్తకాలే ఉండేవి. అలాంటిది రాత్రి పదకొండింటికి కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఒక కథల పుస్తకం కొని, ఒంటిగంట దాకా చదివాను. ఆ రాత్రి ఇంకా గుర్తుంది. కినిగె 2010లోనే మొదలైంది, అందులో పుస్తకాలు అద్దెకి కూడా ఇచ్చేవాళ్లు. చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో రోజుకి రూపాయి ఇచ్చి నవలలు తెచ్చుకుని అమ్మా నేనూ వంతులేసుకుని చదివిన వాళ్లం, ఆ అద్దె అనే మాట తెర మీద కనిపించగానే ఎంత సంతోషం వేసిందో.

అప్పటి నుంచి గూగుల్ ప్లే బుక్స్, కిండిల్, ఎవరి కథలు వాళ్లే నేరుగా పెట్టుకునే ప్రతిలిపి యాప్ అన్నీ వాడాను. వంట చేసుకుంటూ దాసుభాషితం అనే ఆడియో పుస్తకాల యాప్‌లో వింటాను. 2022లో మా నాన్న కథల పుస్తకాన్ని నేనే మళ్లీ వేశాను, ఈ-బుక్‌గానూ కాగితం మీదా. అంటే కొనేవైపూ అమ్మేవైపూ రెండూ చూశాను కాబట్టి, "నా పుస్తకం నేనే వేసుకుంటా" అనుకుంటున్నవాళ్లకి కాస్త పనికొస్తుందని రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ-బుక్ అని తెలుగులో నేను కొన్నవాటిలో సగానికి పైగా నిజానికి ఈ-బుక్కులు కావు, అచ్చు పేజీల పీడీఎఫ్‌లు. ఈ తేడా ఎంత పెద్దదో నాకు మా నాన్న దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది.

నాన్నకి 78 ఏళ్లు, తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ట్యాబ్ కొనిచ్చి అందులో ఆయన ఇష్టపడే ఒక పాత నవల పీడీఎఫ్ పెట్టాను. అక్షరం చిన్నగా ఉందంటే రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించాను. పెద్దదైంది, కానీ లైను మొదలు కనిపిస్తే చివర కనిపించదు, చివరికి జరిపితే మొదలు పోతుంది. "ఏమ్మా, ఈ లైను సగం ఎటు పోయింది?" అన్నారు. "పక్కకి జరపండి నాన్నా" అన్నాను. ప్రతి లైనుకీ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. పది నిమిషాల్లో పేజీన్నర అయింది. తర్వాత ట్యాబ్ పక్కన పెట్టి, కళ్లజోడు తీసి కళ్లు నులుముకుని, "ఆ అలమారలో అసలు పుస్తకం ఉంటుంది, అది ఇవ్వమ్మా" అన్నారు.

అదే ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలు రకంలో ఉన్న పుస్తకమైతే అక్షరం పెద్దది చేసినకొద్దీ లైన్లు వాటంతట అవే సర్దుకుంటాయి, పక్కకి జరపాల్సిన పనే ఉండదు. ఇంగ్లిష్ ఈ-బుక్ చదివేవాళ్లకి ఇదసలు చెప్పుకోవాల్సిన విషయమే కాదు. మనకి మాత్రం ఇంకా అపురూపమే. కిండిల్ 2016 డిసెంబరులో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ రోజు వార్త చదివి ఎంత బాధపడ్డానో. తమిళంలో అప్పటి నుంచి రాసేవాళ్లు నేరుగా అక్కడ పుస్తకాలు వేసుకుంటూ ఒక పెద్ద అంగడే తయారు చేసుకున్నారు, మనం పీడీఎఫ్‌ల దగ్గరే చాలా ఏళ్లు ఆగిపోయాం.

ఎందుకు ఆగిపోయామో నాన్న పుస్తకం వేస్తున్నప్పుడు అర్థమైంది. ఆ పుస్తకం 1998లో మొదటిసారి వచ్చింది. నాన్న జీపీఎఫ్ లోను పెట్టి విజయవాడలో 1000 కాపీలు వేయించారు. తెలుగులో కథకులు, కవులు సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం ఇవాళ కొత్తగా వచ్చిందేమీ కాదు, పేరున్నవాళ్లు కూడా చాలామంది అలాగే వేసుకున్నారు. షాపులకి 40 శాతం కమిషన్ మీద ఇచ్చారు, డబ్బులు కొన్నిచోట్ల ఏడాదికి వచ్చాయి, కొన్నిచోట్ల రాలేదు. స్నేహితులకీ శిష్యులకీ పంచగా 300 కాపీలు మిగిలాయి. మంచం కింద కట్టలుగా ఉండేవి. రెండు కట్టలకి చెద పట్టి, అమ్మ వాటిని పెరట్లో తగలబెడుతుంటే నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ పుస్తకాన్ని అచ్చుకి పేజీలుగా పేర్చిన పేజ్‌మేకర్ ఫైలు ఒక సీడీలో దొరికింది. హమ్మయ్య, టైపు చేసే పని తప్పింది అనుకున్నాను. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. మన పుస్తకాలూ పత్రికలూ చాలావరకు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు అయ్యాయి. తెలుగు అచ్చుకి అవి చేసిన మేలు చిన్నది కాదు, అక్షరాలు ముచ్చటగా ఉంటాయి, కంప్యూటర్లో టైపు చేసి పేజీలు పేర్చే డీటీపీ వాళ్ల చేతులకి అలవాటైపోయాయి. కానీ అది యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఫోన్లోనైనా తెలుగు అక్షరం తెలుగుగానే ఉండే పద్ధతి కాదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో 'అ'గా కనిపించేది, ఫాంటు లేనిచోట ఏదో పిచ్చి గుర్తు. అందుకే అచ్చుకి పంపిన ఫైలుని ఈ-బుక్ చేయాలంటే తేలికగా దొరికే దారి పీడీఎఫ్ ఒక్కటే, అందులో ఒక మాట కోసం వెతికితే దొరకదు, చూపు లేనివాళ్ల కోసం ఫోను పైకి చదివి వినిపించలేదు.

సరే, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా అని ఒకదాన్ని వాడాను. నూటికి తొంభై పాళ్లు బాగానే మారుతుంది, మిగిలిన పదే ప్రాణం తీస్తుంది. వత్తులు జారిపోయాయి. 'వస్త్రం' కాస్తా 'వస్రం' అయింది. సున్నలు ముందు అక్షరాన్ని వదిలేసి ఖాళీ తర్వాత నిలబడ్డాయి. ఒక కథలో సీతారావమ్మ అనే ముసలమ్మ పేరు మూడు రకాలుగా వచ్చింది. 160 పేజీల పుస్తకానికి నాన్నా నేనూ కలిసి మూడుసార్లు ప్రూఫులు చూశాం, నాలుగు నెలలు పట్టింది. నేను ఆఫీసు నుంచి వచ్చాక ఆయన పాత పుస్తకం పట్టుకుని పైకి చదివేవారు, నేను తెర మీద దిద్దేదాన్ని.

కాబట్టి ఇవాళ పుస్తకం మొదలుపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, మొదటి అక్షరం నుంచీ యూనికోడ్‌లోనే రాయండి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు ఉన్నాయి, వాటిలో నేను మండలి అనే ఫాంటు వాడాను, చాలా హాయిగా ఉంది. డీటీపీ వాళ్లు "అనులోనే ఇవ్వండి మేడమ్, మాకు అదే వీలు" అంటారు. ఒప్పుకోకండి, కనీసం యూనికోడ్ కాపీ ఒకటి మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు గురించి టెన్షన్ పడక్కర్లేదు. రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, దీనికి వేలకి వేలు అడిగేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

కాగితం ప్రతులకి ప్రింట్ ఆన్ డిమాండ్‌కి వెళ్లాను, అంటే ఆర్డరు వచ్చినప్పుడే అచ్చు. ఇప్పుడు ఇలాంటివి చాలా ఉన్నాయి, బెంగళూరు పోతి డాట్ కామ్ 2008 నుంచీ, చెన్నై నోషన్ ప్రెస్ 2012 నుంచీ నడుస్తున్నాయి. నేను వెళ్లిన కంపెనీ పేరు చెప్పను కానీ మొదటి 30 కాపీల్లో లోపలి మార్జిన్ తక్కువై మాటలు కుట్టు వైపు నొక్కుకుపోయాయి. పుస్తకాన్ని విరిచి పట్టుకుంటే తప్ప చదవడం కుదరదు, విరిస్తే పేజీలు ఊడుతున్నాయి. మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టాక మూడు వారాలకి మళ్లీ వేసిచ్చారు. ఒక్క కాపీ తెప్పించి చేత్తో పట్టుకుని చూడందే మొత్తం ఆర్డరు ఇవ్వొద్దు, ఇది డబ్బు పోసి నేర్చుకున్నాను. కాపీ ఖర్చు మాత్రం 1000 వేయించినదానికంటే బాగా ఎక్కువ పడుతుంది. అయినా నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే ఇప్పుడు మంచం కింద ఏమీ లేదు. నాన్న కోసం పది కాపీలు అలమారలో ఉంటాయి, అంతే.

అమ్మకాల సంగతి అడుగుతారు కదా. మూడేళ్లలో ఈ-బుక్ 140, కాగితం 260 దాకా పోయాయి. నిజం చెప్పాలంటే నేను తలకిందులుగా ఊహించాను, ఈ-బుక్కే ఎక్కువ పోతుందనుకున్నా. ఈ-బుక్ కొన్నది ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లూ నాన్న పాత శిష్యులూ. కాగితం మీద కొన్నవాళ్లలో చాలామంది ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో ఒక కథ చదివి "పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగినవాళ్లే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ల స్టాల్లో పెడితే నాలుగు రోజుల్లో 35 పోయాయి. ఫోను పుస్తకాన్ని చంపేస్తుందని చాలా ఏళ్లు విన్నాను, నా కళ్లముందు మాత్రం ఫోనే పుస్తకం అమ్మిపెట్టింది. అన్వీక్షికి, ఛాయ లాంటి కొత్త ప్రచురణ సంస్థలు కుర్రవాళ్ల చేత తెలుగు పుస్తకం కొనిపిస్తున్నాయంటే అందులో ఇన్‌స్టాగ్రామ్ పాత్ర చాలా ఉంది.

కాగితానికి పెద్ద దెబ్బ పోస్టల్ ఖర్చు. పుస్తకాల కోసమే ఉన్న చౌక రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ని 2024 డిసెంబరులో తీసేశారు, 2025లో మామూలు రిజిస్టర్డ్ పోస్ట్ కూడా స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది. 200 రూపాయల పుస్తకానికి పంపే ఖర్చు చెప్పేసరికి అడిగినవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు. పోనీ ఈ-బుక్ తీసుకోండి అందామంటే దానికి పన్ను. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-బుక్‌కి మొదట 18 శాతం ఉండేది, 2018 జూలైలో 5 శాతానికి తగ్గించారు, అదీ ఆ పుస్తకానికి అచ్చు ప్రతి ఉంటేనే. నేరుగా ఈ-బుక్‌గానే వచ్చిన రచనకి ఈ తగ్గింపు లేదు. డబ్బులేక ఈ-బుక్ దారి పట్టిన కొత్త రచయిత మీదే ఎక్కువ పన్ను పడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ప్రతిలిపి గురించి కూడా చెప్పాలి, 2014లో వచ్చింది. నిజామాబాద్‌లో మా పిన్ని ఉంది, వారపత్రికల్లో సీరియళ్లు కత్తిరించి దారంతో కుట్టుకుని దాచుకున్న మనిషి. 2020లో కరోనా టైములో నవ్య లాంటి వారపత్రికలు ఆగిపోయాక పిన్నికి ఏమీ తోచేది కాదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఫోన్లో రెండు మూడు సీరియళ్లు చదువుతుంది, రాసినవాళ్లకి కామెంటు పెడుతుంది, వాళ్లు జవాబిస్తే నాకు ఫోన్ చేసి మరీ చెబుతుంది. ఎప్పుడూ ఏ పత్రికకీ కథ పంపే ధైర్యం చేయని ఆడవాళ్లు ఎంతమందో ఇవాళ అక్కడ రాస్తున్నారు, ఇది చిన్న విషయం కాదు. నాకున్న బాధల్లా, పత్రికలో ఎడిటర్ కనీసం అక్షరదోషాలు దిద్దేవాడు, సాగదీసిన చోట కత్తెర వేసేవాడు. ఆ మనిషి ఇప్పుడు మధ్యలో లేడు. సొంతంగా వేసుకునే పుస్తకాల్లోనూ అదే లోటు. కవర్ బొమ్మకి ఐదువేలు ఖర్చు పెడుతున్నారు, ప్రూఫులు చూసినవాళ్లకి వెయ్యి ఇవ్వడానికి చేతులు రావు. నేను కొన్న కొన్ని పుస్తకాలు మొదటి పేజీలోనే నాలుగు తప్పులతో ఎదురయ్యాయి, మంచి కథలు అయ్యుండి కూడా చదవలేక మూసేశాను.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. ఈ-బుక్ పెట్టిన రెండో వారంలో నాన్న పుస్తకం పీడీఎఫ్ ఒక వాట్సాప్ గ్రూపులో నాకే వచ్చింది, "మంచి కథలు, తప్పక చదవండి" అని. పంపినావిడ నాకు తెలిసినావిడే, తప్పు చేస్తున్నానని కూడా ఆమెకి తెలియదు. ఎక్కడా దొరకని పాత పుస్తకాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో నేనూ చదువుకున్నాను, వాటికి ఎంతో రుణపడి ఉన్నాను. కానీ 99 రూపాయలకి అంగట్లో ఉన్న పుస్తకాన్ని అలా పంచితే, బతికున్న రచయిత చేతికి ఏమీ రాదు.

కొన్నవాళ్లకి ఒక జాగ్రత్త. ఒకచోట నేను కొన్న పదకొండు పుస్తకాలు ఫోను మార్చాక తెరుచుకోలేదు, రాసి రాసి అలసిపోయి వదిలేశాను. కొనేముందు ఫైలు డౌన్‌లోడ్ చేసుకోనిస్తారా, లేక వాళ్ల యాప్‌లోనే చదవాలా చూసుకోండి. నమూనా పేజీలు తెరిచి అక్షరం పెద్దది చేసి చూడండి, లైను సర్దుకుంటే కొనండి.

నాన్న పుస్తకం ఈపబ్ తయారైన రోజు ట్యాబ్‌లో పెట్టి ఇచ్చాను. అక్షరం ఆయనే పెద్దది చేసుకున్నారు, తెర మీద ఎనిమిది లైన్లే పట్టాయి, అయినా లైను ఎటూ పోలేదు. తన మొదటి కథ తనే మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చదివారు. మధ్యలో అమ్మ కాఫీ తెచ్చినా తల ఎత్తలేదు.

1998 పుస్తకం చివర ఒక తప్పొప్పుల పట్టిక ఉండేది, 23 తప్పులు, పేజీ నంబర్లతో సహా. ఇప్పుడు నాన్న రోజూ కాసేపు చదువుతూ దొరికిన తప్పుని కాగితం మీద రాసి ఉంచుతారు, నేను ఫైల్లో దిద్ది మళ్లీ ఎక్కిస్తాను. నిన్న కూడా ఒకటి పట్టుకున్నారు. ఆరో కథలో 'పొలం' అని ఉండాల్సిన చోట 'పోలం' అని ఉంది. రాత్రే మార్చేశాను.