ప్రయోగశాలకు మంచి మార్కులు, సలహాలకు సున్నా

బెంగళూరు జయనగర్ దగ్గరి ఒక కళాశాలలో బీఎస్సీ వృక్షశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను.

ప్రయోగశాల చాలా బాగుంటుంది. ఆముదపు కాడను బ్లేడుతో పలచగా కోసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో ఎర్రటి నాళాలను మొదటిసారి చూసిన రోజు నాకు ఆకలే వేయలేదు! లాల్‌బాగ్ దగ్గరే కాబట్టి చెట్ల గుర్తింపు అక్కడే నేర్చుకున్నాం. హాస్టల్ భోజనం ఫరవాలేదు.

నా బాధ వేరు. ప్రాజెక్టు అడిగితే సలహాదారు, "మీరు తెలుగువాళ్లు, ఎలాగూ అమెరికా వెళ్తారు. ఇది మీకెందుకు?" అన్నారు. నాకు పాస్‌పోర్టు కూడా లేదు. మా నాన్న మడకశిర దగ్గర వేరుశనగ పండిస్తారు. ఆ పంటకు వచ్చే తిక్కా ఆకుమచ్చ తెగులు మీద పనిచేయాలని ఇక్కడ చేరాను.

కర్ణాటకలో 2021లో వచ్చిన నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీని 2024-25 నుంచి తీసేసి మళ్లీ మూడేళ్లు చేశారు. త్వరగా సంపాదించాల్సిన ఇళ్లకు అది మేలే, కాదనను. కానీ తెగులును విత్తు నుంచి కోత దాకా గమనించాలంటే ఒక పంటకాలం కావాలి. పరీక్షల మధ్య అది దొరకదు. కోరుకున్నవారికైనా నాలుగో ఏడు ఉండాలి.

చేరే ముందు, ప్రాజెక్టులు ఎవరికి, ఏ లెక్కన ఇస్తారో తప్పక అడగండి.