గడ్డి కోసే బండిని అడవి బాట పట్టించిన షెడ్డు

ముందు మార్కులు చెప్పేస్తాను. నా పాత గడ్డి కోసే బండిని అడవి బాటల బండిగా మార్చి ఇచ్చిన మరమ్మతు షెడ్డుకు అయిదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ ఎడమ టైరు ఖాతాలోది. ఇంటర్నెట్టులో కొన్న సరుకుకు మాత్రం రెండు ఇస్తే ఎక్కువ.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ దగ్గర. ఇక్కడ ఇంటి ముందు గడ్డి తప్పనిసరి, దాన్ని కోసే యంత్రం కూడా తప్పనిసరి. స్థలం అర ఎకరం దాటితే కూర్చుని నడిపే మోవర్ కొంటారు. అది పాతబడితే ముందుగా పోయేది కింద కత్తులు తిరిగే రేకు డబ్బా, అంటే డెక్. తడి గడ్డి అంటుకుని, తుప్పు పట్టి, చిల్లులు పడుతుంది. కొత్త డెక్ ధర చూసి బండి మొత్తాన్ని అమ్మకానికి పెట్టేస్తారు. ఇంజనూ గేరుబాక్సూ అప్పటికి బాగానే ఉంటాయి. అలాంటిదాన్ని 150 డాలర్లకు తెచ్చాను. ఒకే సిలిండరు, పదిహేడున్నర గుర్రపు శక్తి. "ఏమండీ, గడ్డి కోయని గడ్డి మిషను ఎందుకండీ?" అని అడిగింది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే.

ఎందుకంటే మా బాపట్ల మిత్రుడొకాయనకు ఇక్కడికి గంట దూరంలో పదకొండు ఎకరాల పైను తోపు ఉంది. అందులో ఒక వాగు, వాగు దాటితే ఎర్ర బంకమన్ను మెట్ట. కొత్త ఏటీవీ, అంటే గతుకు బాటల్లో తిరిగే నాలుగు చక్రాల బండి, కొనాలంటే వేల డాలర్లు కావాలి. వారానికి ఒక పూట కట్టెలు మోసుకుని, పిల్లలతో వాగు దాకా వెళ్ళి రావడానికి అంత ఎందుకు?

షెడ్డు ఒక పొగాకు కొట్టం. దాన్నే చిన్న ఇంజన్ల మరమ్మతు దుకాణంగా మార్చారు. నడిపే పెద్దాయన డెబ్బై దాటినవాడు. లోపలికి అడుగు పెట్టగానే బల్ల మీద ఒక అల్యూమినియం క్రాంక్‌కేసు, అంటే ఇంజన్ అడుగు డొల్ల, కనబడుతుంది. దాని పక్కగోడలో పిడికిలి పట్టేంత రంధ్రం, అందులో పెన్నులు, స్క్రూడ్రైవర్లు గుచ్చి ఉంటాయి. నేను మొదటి మాటగానే, "గవర్నర్ తీసేస్తే వేగం పెరుగుతుందట కదా" అన్నాను. ఆయన ఆ పెన్నుల బుట్టను నా వైపు జరిపాడు. ఈ ఇంజన్లు నిమిషానికి 3600 చుట్లకు మించకుండా గవర్నర్ పట్టి ఉంచుతుంది. దాన్ని కట్టేస్తే పిస్టన్ను కింద ఇరుసుతో కలిపే అల్యూమినియం కనెక్టింగ్ రాడ్డు విరిగి, పక్కగోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఒక్కోసారి ఇంజన్‌తో పాటు తిరిగే బరువు చక్రం, ఫ్లైవీలే ముక్కలవుతుంది. అది మన కాళ్ళ ముందే తిరుగుతుంటుంది. "ఆ పని కావాలంటే వేరే చోటు చూసుకో. మిగిలినవన్నీ చేస్తాను" అన్నాడు. నాలుగు మార్కుల్లో రెండు అక్కడే పడ్డాయి.

వేగం కావాలంటే పుల్లీలు, అంటే బెల్టు తిరిగే చక్రాలు, మార్చాలి. ఇంజన్ కింద ఒక పుల్లీ, వెనక గేరుబాక్సు మీద ఇంకొకటి, రెంటినీ కలిపే బెల్టు. నా బండిలో మూడు అంగుళాలది ఏడున్నర అంగుళాలదాన్ని తిప్పేది. వాటిని నాలుగు, ఆరుకు మార్చాం. పై గేరులో గంటకు అయిదున్నర మైళ్ళు పోయేది ఇప్పుడు తొమ్మిది, అంటే దాదాపు 15 కిలోమీటర్లు పోతుంది. వినడానికి ఏముంది అనిపిస్తుంది. సస్పెన్షన్ అనే మాటే ఎరుగని బండి మీద, పైను వేర్ల మీదుగా ఆ తొమ్మిది మైళ్ళు వెళ్ళి చూస్తే నడుము చెబుతుంది. ఇంగ్లండులో 1973 నుంచి మోవర్లతో పందేలు పెడుతున్నారు, వెస్ట్ ససెక్స్‌లోని విజ్‌బరో గ్రీన్‌లో పుట్టిన సరదా అది. కత్తులు తీసేసి పరిగెత్తిస్తారు. వాళ్ళది చదునైన పొలం. మనది వాగు గట్టు.

పుల్లీలు నేనే ఇంటర్నెట్టులో తెప్పించాను. అదే తప్పు. ఒక్క అంగుళం షాఫ్టుకు సరిపోతుందని రాసి ఉంది కానీ, తొడిగితే వదులుగా ఊగింది. వాపసు తీసుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. చివరికి పెద్దాయనే తన పాత డబ్బాలోంచి ఒకటి తీసి బిగించాడు. బెల్టు పొడవు కొలవడానికి పుల్లీల చుట్టూ పురికొస చుట్టి, ముడి వేసి, దాన్ని గోడ మేకుకు తగిలించి టేపుతో కొలిచాడు. పురికొస ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బెల్టు మార్చాల్సి వస్తే మళ్ళీ అక్కర వస్తుంది.

ఇక టైర్లు. పచ్చికకు గాయం కాకూడదని మోవర్లకు నున్నటి టైర్లు వేస్తారు. బంకమన్నులో అవి నిమిషంలో సబ్బుబిళ్ళల్లా అయిపోతాయి. నేను వెనక చక్రాలకు ట్రాక్టరు టైరులాగా వి ఆకారపు కట్లు ఉన్నవి తీసుకున్నాను. కొలత పాతదే, ఇరవై అంగుళాల ఎత్తు, ఎనిమిది వెడల్పు. ఇంకా పెద్దవి వేస్తే ఫెండరుకు, అంటే చక్రం మీది రేకుకు, రాసుకుంటాయి, గేరుబాక్సు మీద భారం పెరుగుతుంది.

ఏడు వారాలకు బండి చేతికి వచ్చింది (మూడు అన్నాడు). మొదటి రోజే మెట్ట ఎక్కుతుంటే ఎడమ చక్రం ఊరికే తిరగసాగింది. దిగి చూస్తే కుడి టైరు కట్ల మధ్య మన్ను రాలిపోతోంది, ఎడమదానిలో ఇటుకలా గట్టిపడి ఉంది. సీటు వెనక నిలబడి చూశాను. కుడి టైరులో వి కొస పైకి ఉంది, ఎడమదానిలో కిందికి. మా నాన్నగారు ట్రాక్టరు అద్దెకు పిలిచిన రోజుల్లో దమ్ము చేసే మడి గట్టు మీద కూర్చుని ఆ టైర్లను గంటల తరబడి చూసినవాణ్ణి నేను. కొస ముందు నేలలో దిగాలి. అప్పుడే మన్ను పక్కలకు జారిపోతుంది. పెద్దాయన ఎడమ టైరును తిరగేసి ఎక్కించాడన్నమాట. ఫొటో పంపితే, "తీసుకురా" అని ఒక్క మాట రాశాడు. నా ఎదుటే విప్పి, సరిచేసి, డబ్బు తీసుకోలేదు. అయినా పోను రాను రెండు గంటలు నావి. ఒక మార్కు పోయింది.

ఆ తరువాత డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) పళ్ళను వెల్డింగుతో కలిపేయమన్నది నేనే. ఇప్పుడు రెండు వెనక చక్రాలూ కలిసే తిరుగుతాయి, ఒకటి గాలిలోకి లేచినా రెండోది లాగుతుంది. ఫలితంగా మలుపు తిరగడం కష్టం. ముందు చక్రాలు పక్కకు తిప్పినా బండి కొంతదూరం తిన్నగానే తోసుకుపోతుంది. ఇంటి దగ్గర ట్రైలరు మీదికి ఎక్కించేటప్పుడు పచ్చికను రెండు చాళ్ళుగా దున్నేసింది. ఒకప్పుడు గడ్డిని చక్కదిద్దిన యంత్రమే కదా. కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. అందరూ దాన్ని చివరికి వదిలేస్తారు, నేనూ వదిలేశాను. ఈ బండిలో క్లచ్చుకూ బ్రేకుకూ పెడలు ఒక్కటే. సగం తొక్కితే బెల్టు వదులవుతుంది, పూర్తిగా తొక్కితే గాని బ్రేకు పట్టదు. చదును నేల మీద ఈ తేడా తెలియదు. వాగు దిగుడులో తెలిసింది. కాస్త నెమ్మది చేద్దామని పెడలు మీద కాలు పెట్టాను. అంతవరకు ఇంజన్ పట్టి ఉంచిన బండి ఒక్కసారిగా వదిలేసినట్టు జారింది. గేరుబాక్సు పక్కన అరచేతిలో పట్టేంత డిస్కు ఎంతని ఆపుతుంది? వాగు నీళ్ళలోకి మోకాలి దాకా వెళ్ళి ఆగాను. ఒడ్డు మీద నిలబడి మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. నా చేతులు వణికాయి, వాడికి చెప్పలేదు.

మర్నాడే షెడ్డుకు తీసుకెళ్ళాను. గో కార్టులకు వాడే హైడ్రాలిక్ డిస్కును వెనక ఇరుసుకు బిగించి, ఎడమ కాలికి వేరే పెడలు పెట్టాడు. డిఫరెన్షియల్ కలిపేశాం కనుక ఒక్క డిస్కే రెండు చక్రాలనూ పడుతుంది. మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఉంటే ఈ బ్రేకు ముందు, పుల్లీలు తరువాత.

సీటు కింద ఒక స్విచ్చు ఉంటుంది, మనిషి లేస్తే ఇంజన్ ఆగుతుంది. గతుకుల్లో ఎగిరినప్పుడల్లా అది ఆపేస్తుంటే చాలామంది తీగ తెంపేస్తారు. నేను దాని బదులు మణికట్టుకు కట్టుకునే తాడు స్విచ్చు తెప్పించాను. బిగించి తాడు లాగితే ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉంది. ఈ ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో తీగను ఇనుముకు తాకిస్తేనే ఇంజన్ ఆగుతుంది. వచ్చిన స్విచ్చు లాగితే తీగను విడదీసే రకం. పన్నెండు డాలర్లు దండగ. సరైనదానికి మరో పద్నాలుగు.

ముందు చక్రాల బుష్షులు తీసి బేరింగులు వేయించాను, స్టీరింగు తేలికైంది. ఇంతకు మించి వాటి గురించి చెప్పేదేమీ లేదు.

ఖర్చు: బండి 150, టైర్లు 170, పుల్లీలూ బెల్టూ 85, బ్రేకు 110, బేరింగులు 40, స్విచ్చులు 26, కూలి 380. మొత్తం 961 డాలర్లు.

ఇలాంటి బండి చేయించుకునేవాళ్ళకు రెండు మాటలు. మోవరు పుస్తకాల్లో 15 డిగ్రీల వాలు దాటవద్దని రాసి ఉంటుంది. కత్తులు తీసేసినా ఆ మాట చెల్లుతుంది. ఇలాంటి చిన్న ఇంజన్లు చాలావాటిలో నూనెను తోసే పంపు ఉండదు, పళ్ళచక్రం ఒకటి నూనెను చిమ్ముతుంటుంది. వాలులో నూనె ఒక పక్కకు చేరితే చిమ్మడానికి ఏమీ మిగలదు. ఇంకొకటి, దీన్ని రోడ్డు మీదికి తేవద్దు. జాతీయ అడవుల బాటల మీదికి వెళ్ళాలంటే సైలెన్సరుకు నిప్పురవ్వలు ఆపే జాలీ ఉండి తీరాలి. నాది మిత్రుడి కంచె దాటి పోలేదు.

షెడ్డుకు వెళ్ళేవాళ్ళు ఉదయాన్నే వెళ్ళండి, మధ్యాహ్నం పెద్దాయన చేపలకు పోతాడు. కార్డు తీసుకోడు. తుప్పు పట్టిన నా డెక్‌ను బయట పడేస్తాడనుకున్నాను. చిల్లులకు రేకు ముక్కలు అతికి, నల్లరంగు కొట్టి, ఎవరి మోవరుకో బిగించి ఉంచాడు, పోయినసారి చూశాను.