గినీ కోళ్లు, తేనెపెట్టెలు ఒకే తోటలో: పిడుదులు తగ్గాయా?

దొడ్డబళ్లాపురం దగ్గరున్న మా తోటలో ఆవులు, కాపలా కుక్క, కానుగ చెట్ల కింద పుట్ట తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. ఆవులున్నచోట పిడుదులు తప్పవు. వాటికి కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులేమో తేనెటీగల పాలిట విషం. బెంగళూరు చుట్టుపక్కల కానుగ పూతే మాకు తేనె పంట; అది విరగబూసిన రోజుల్లో మందు డబ్బా ముట్టుకోవాలంటేనే భయం. అందుకే, పిడుదుల్ని ఏరి తింటాయని అందరూ గొప్పగా చెప్పే గినీ కోళ్లను తెచ్చుకున్నాం. ఏళ్లు గడిచాయి, ఇంకా పెంచుతూనే ఉన్నాం. అయితే వీటి గురించి చెప్పే గొప్పల్లో సగమే నిజం.

ఆ నిజమైన సగం చూడాలంటే తెల్లవారగానే కొట్టం వెనక నిలబడాలి. రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బిన ఆడ పిడుదు ఆవు మీద నుంచి రాలి, గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ మెల్లగా పాకుతుంది. అది పెట్టే గుడ్లు వేలల్లో ఉంటాయి. గినీ కోళ్లు వరుసగా నడుస్తూ, తల పక్కకు వంచి చూసి, ఒక్క పోటుతో దాన్ని మింగేస్తాయి. పైగా నాటుకోళ్లలా పాదులన్నీ గీకి పాడుచేయవు.

గుడ్డు పగిలి వచ్చిన పిల్ల పిడుదులు మాత్రం వాటి ముక్కుకు అందవు. అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో జరిగిన పరిశీలన ఒకటి 1992లో అచ్చయింది. గినీ కోళ్లు తిరిగిన పచ్చికలో పెద్ద పిడుదులు తగ్గాయని తేల్చింది. అక్కడివి జింకల పిడుదులు, మనవి పశువులవి, అయినా మా అనుభవమూ అదే. కుక్క పిడుదుల విషయంలో ఈ కోళ్లు దండగ. ఆ పిడుదులు గోడ పగుళ్లలో దాక్కుంటాయి. పగుళ్లకు సిమెంటు పూసుకోవాల్సిందే. ఆవులకు ఇప్పటికీ పశువైద్యుడు చెప్పినప్పుడు అమిట్రాజ్ అనే పిడుదుల మందు పూస్తున్నాం. తేనెటీగలకు దాని హాని చాలా తక్కువ. అయినా ఈగలు గూటికి చేరాక, కొట్టం లోపలే ఆ పని ముగిస్తాం.

ఇక తేనెటీగల సంగతి. పెట్టెలు నడుమెత్తు స్టాండ్ల మీద ఉన్నాయి కాబట్టి ఎగిరే ఈగల జోలికి కోళ్లు పోవు. కింద రాలిన చచ్చిన ఈగల్ని, పని ఈగలు బయటకు నెట్టేసిన పోతుటీగల్ని (మగ ఈగల్ని) ఏరుకుంటాయి. మైనపు పురుగు పట్టిన తేనె అట్టను నేను చాకుతో గీకుతుంటే, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర మూగుతాయి. చిక్కు వచ్చింది మరో దగ్గర. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద పెట్టిన గిన్నెల్లోని నీళ్లు కోళ్లు తాగేసేవి, ఆ వెనకే చీమలు పైకెక్కేవి. ఇప్పుడు కాళ్లకు గ్రీజు పూస్తున్నాం.

అరుపుల గురించి ఎంత చెప్పినా తక్కువే. పాము కనిపిస్తే అరుపు, కొత్త మనిషి వస్తే అరుపు, గాలికి ప్లాస్టిక్ సంచి ఎగిరినా అరుపే. పెట్ట రెండు స్వరాల్లో పదేపదే పిలుస్తుంది, పుంజుది ఒకటే స్వరం. రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక మేం పోల్చుకునేది దీంతోనే. పక్కన లేఅవుటు లేచింది, ఆదివారం పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. యలహంకలో మేడ మీద పెంచుతానన్న మా బావమరిదికి అందుకే వద్దని గట్టిగా చెప్పాను.

మావి ముత్యాల చుక్కల కాదంబరి రకం. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ దీన్ని రూపొందించింది. పెట్టలు గడ్డిలో దాచి గుడ్లు పెడతాయి, పిల్లల్ని సరిగ్గా సాకవు. నాటుకోడి కింద పెడితే 26 నుంచి 28 రోజుల్లో పిల్లలవుతాయి. మొదటి వారాల్లో తడి తగిలితే బతకవు, నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయకపోతే అందులోనే మునిగి చస్తాయి.