ఇల్లంతా పాట: లిరియన్, రాస్ప్‌బెర్రీ పై సెటప్ చాన్నాళ్లు వాడాక

మల్టీరూమ్ ఆడియో అనగానే అందరూ ముందు అడిగేది ఏ స్పీకర్ కొనాలి అనే. నన్నడిగితే అది ఆఖర్న చూసుకోవచ్చండి, ముందు ఏ గదికి ఏ వైరు ఎలా వెళ్తుందో చూస్కోండి. వైజాగ్ పెదవాల్తేరులో మాది కింద పైన రెండు పోర్షన్ల ఇల్లు, హాలు, వంటగది, పై గది, బాల్కనీ నాలుగు చోట్లా ఒకే పాట రావాలన్నది ప్లాను. సర్వరు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానిమీద పాటల్ని గదులకి పంపే లిరియన్ సాఫ్ట్‌వేర్, ప్రతి గదిలో ఇంకో రాస్ప్‌బెర్రీ పై, దానిమీద డిజిటల్ పాటని స్పీకర్ సిగ్నల్‌గా మార్చే డాక్ బోర్డు, పక్కన చిన్న యాంప్లిఫయర్, ఆ గది బోర్డుల్లో పాట వాయించే పైకోర్‌ప్లేయర్ సాఫ్ట్‌వేర్.

లిరియనే ఎందుకంటే, ఇది లాజిటెక్ వాళ్ల పాత నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్లు స్క్వీజ్‌బాక్స్‌ల సర్వరే. ఆ బాక్సుల్ని లాజిటెక్ 2012లో ఆపేసింది, అయినా సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి జనం నడుపుతూనే ఉన్నారు, 2024లో పేరు మాత్రం మారింది. స్పీకర్లకి తగిలించే గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో 2019లో ఆగిపోయాక ఇలాంటిదే నయమనిపించింది నాకైతే.

వైఫైతో మొదట బానే ఉంటుంది, సీడీ క్వాలిటీ అంటే 1411 కేబీపీఎస్, క్వాలిటీ తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లయితే ఇంకా తక్కువే, స్పీడు సమస్యే కాదు. గొడవంతా మధ్యలో తెగిపోవడంతోనే. 5 గిగాహెర్ట్జ్ స్లాబు దాటాక నీరసపడిపోద్ది, 2.4లో చుట్టుపక్కల అందరి రౌటర్లూ అరుస్తుంటాయి, ఒక్క గది తడబడితే కలిపి పెట్టిన మిగతావీ తడబడతాయి. రంగులు వేయించేటప్పుడు గోడకి గాడి కొట్టించి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించాం, ఆ తర్వాత ఈ బాధ మళ్లీ చూళ్లేదు.

సింక్, అంటే అన్ని గదుల్లో పాట ఒకేసారి రావడం గురించి ఒకటి చెప్పాలి. అన్ని గదులూ కరెక్టుగా కలిసినా హాలుకీ వంటగదికీ మధ్య నడవాలో నిలబడితే కాస్త ప్రతిధ్వనిలా వినిపిస్తుంది, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లే పోతుంది కాబట్టి పది మీటర్ల దూరానికే 29 మిల్లీసెకన్లు పడుతుంది. సెట్టింగ్స్‌లో ఒక్కో ప్లేయర్‌కి మిల్లీసెకన్ల లెక్కన ఆలస్యం మార్చుకోవచ్చు గానీ మనం ఎక్కడ నిలబడ్డామన్నదాన్ని బట్టి అదీ మారిపోతుంది, కాబట్టి దాంతో కుస్తీ పట్టకండి, అన్ని గదుల్లో తక్కువ వాల్యూమ్ పెట్టుకుంటే చాలు, ఏ గదిలో ఉంటే ఆ స్పీకరే వినిపిస్తుంది. బ్లూటూత్ స్పీకర్లని మాత్రం ఇందులోకి లాగొద్దు, వాటి ఆలస్యం చాలా ఎక్కువ.

కరెంటు సడన్‌గా పోయినా పైకోర్‌ప్లేయర్ మొత్తం ర్యామ్‌లో నడుస్తుంది కాబట్టి కార్డు పాడవదు, వచ్చాక తనే లేస్తుంది. పొద్దున్నే వంటగదిలో అమ్మకి భక్తిపాటలు అలారంలా పెట్టా, గదికొక అలారం విడిగా పెట్టుకోవచ్చు. "మళ్లీ ఎవరూ లేవకముందే మొదలెట్టేసిందిరా" అంటూనే అమ్మ వింటుంది.

ఇక మన వైజాగ్ ఉప్పుగాలి సంగతి. బాల్కనీ స్పీకర్ వెనక రాగి వైరు చివరలు పచ్చగా పొడి కట్టేశాయి, గ్రిల్ కూడా తుప్పు. ఇప్పుడు ప్లాస్టిక్ బాడీ, అల్యూమినియం గ్రిల్ ఉన్న అవుట్‌డోర్ స్పీకర్, వైరు చివరలకి టంకం, పైన సిలికాన్ గ్రీజు. తుఫాను హెచ్చరిక ఉంటే లోపలికి తెచ్చేస్తాం. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్లు డాక్, యాంప్లిఫయర్ బాల్కనీలో అస్సలు పెట్టకండి, లోపలుంచి స్పీకర్ వైరు మాత్రమే బయటికి లాగండి.

నచ్చనిది, టీవీ సౌండు. పంపేముందు సౌండు కాస్త పోగేసుకుంటుంది (బఫర్) కాబట్టి బొమ్మ ముందు, మాట వెనక. క్రికెట్ కామెంటరీ వంటగదిలోనూ కావాలంటే దీంతో కుదరదు, హాలు యాంప్లిఫయర్ వెనక రెండో జత స్పీకర్లకుండే బీ టెర్మినల్ నుంచి అక్కడికి ఇంకో జత స్పీకర్లు విడిగా లాగాం. అలా చేసేవాళ్లు 8 ఓమ్స్ రెండు జతలు కలిస్తే 4 అవుతుందని, మీ యాంప్లిఫయర్ 4 మోయగలదో లేదో వెనక రాసుంటుందని గుర్తుపెట్టుకోండి.