ఎమర్జెన్సీ రేడియోకు ఎనిలూప్ సెల్లు: కర్నూలు ఎండలో ఎంతవరకు నమ్మొచ్చు?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచాయి. అలాంటి రోజు కరెంటు ఉండదు, ఫోన్లో ఛార్జి ఉండదు. దాచిన రేడియో పలకాలంటే లోపలి సెల్లు బాగుండాలి.

అందుకు పానసోనిక్ ఎనిలూప్ పెన్సిల్ సెల్లు మంచివని మా తీర్పు. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, ఒక్కోటి 1.2 వోల్టులు, కనీసం 1900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే ఛార్జి కొలత). సౌండు సన్నగా పెట్టుకుంటే చిన్న రేడియో 50 మిల్లీఆంపులు లాగుతుందనుకోండి, రోజుకు నాలుగు గంటల చొప్పున తొమ్మిది రోజులు వస్తాయి. 1.5 వోల్టుల సెల్లు కావు కాబట్టి కొన్ని రేడియోల్లో బ్యాటరీ గుర్తు మొదటినుంచే తక్కువ చూపిస్తుంది. కంగారు పడక్కర్లేదు.

పదేళ్లు పక్కన పెట్టినా 70 శాతం ఛార్జి మిగులుతుందని కంపెనీ చెప్పేది 20 డిగ్రీల చల్లదనంలో. మన దగ్గర మే నెలలో 42 దాటుతుంది. వేడికి ఛార్జి త్వరగా దిగిపోతుంది, సెల్లు ఆయుష్షూ తగ్గుతుంది. అటక మీద స్లాబు కింద అసలు పెట్టొద్దు. ఇంట్లో చల్లటి గదిలో, కడప బండల అలమర అడుగు అరలో ఉంచండి. ఫ్రిజ్ వద్దు, తీసినప్పుడు చెమ్మ పడుతుంది. ఉగాదికోసారి, వినాయక చవితికోసారి ఛార్జి చేస్తే అక్టోబరు వానలకు సిద్ధంగా ఉంటాయి.

ఛార్జర్ ఒక్కో సెల్లును విడిగా చూసేదై ఉండాలి. 500 మిల్లీఆంపులకు నాలుగైదు గంటలు పడుతుంది. ఒకసారి వాడి పారేసే మామూలు ఆల్కలైన్ సెల్లును అందులో పెట్టొద్దు, కారిపోవచ్చు, పగలనూ వచ్చు.

ధర ఎక్కువే, నకిలీలూ ఉన్నాయి. అసలు సెల్లు 26 గ్రాముల దాకా తూగుతుంది. 15 గ్రాములున్న సెల్లు మీద 3800 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది అబద్ధం, ఆ సైజులో ఈ రకానికి అంత పట్టదు.

రేడియోను ఎక్కువ పాడుచేసేది మాత్రం లోపలే మరిచిపోయిన ఆల్కలైన్ సెల్లు. కారితే తెల్లటి పొడి కడుతుంది, అది క్షారం. చేతికి తగలనీయకుండా, దూదిపుల్లకు రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడవండి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దితే స్ప్రింగు పూత పోయి తుప్పు పడుతుంది.

సెల్లు రేడియోలో కాక పక్కన డబ్బాలో ఉంచండి. జతకు ఒకే గుర్తు వేసి, కొన్న నెల మార్కర్‌తో రాయండి. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి వేస్తే ముందు ఖాళీ అయ్యేదాని ప్లస్, మైనస్ తిరగబడి అది చెడిపోతుంది.